వదిలేసిన సీటు

పోయిన వారం మనం కావేరిని ద్వారకలో కౌన్సెలింగ్ హాలు మెట్ల మీద, జూన్ ఎండలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. చేతిలో ఫైలు, ఫైల్లో చెప్పుకోదగ్గ ర్యాంకు. ఆ ర్యాంకు ఎందుకూ కొరగాదని లోపల ఇప్పుడే చెప్పి పంపించారు. తక్కువ ఫీజుతో బీబీఏ చదువుకోవచ్చని ఆ పిల్ల ఆశపడ్డ సీట్లు నూటికి ఎనభై అయిదు ఢిల్లీలో ప్లస్ టూ చదివినవాళ్లకి. కావేరి పుట్టింది ఢిల్లీ, పెరిగింది మయూర్ విహార్. తండ్రి శ్రీరాములు ఓ కేంద్ర మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. పదో తరగతి దాకా ఇక్కడి బడే. ఇంటర్ రెండేళ్లూ మాత్రం విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీలో. అందుకని ఆమె బయటి మనిషి.

పోనీ ఆంధ్రాలో ఏదైనా చవకైన కాలేజీ చూసుకుందామా అంటే, అక్కడ వరసగా నాలుగేళ్లు చదివితేనే లోకల్. రెండేళ్లు హాస్టల్లో నీళ్లచారు తాగినంత మాత్రాన లోకల్ అయిపోరు. రెంటికీ చెడ్డ రేవడి అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఆ మెట్ల మీదే నేహా ఎదురైంది. పదో తరగతి దాకా ఇద్దరిదీ ఒకే బెంచీ. నేహా ర్యాంకు కావేరి ర్యాంకుకి చాలా వెనక, కానీ సీటు మాత్రం నేహాకి వచ్చింది. "నీకేం, ఆ రోజు మన స్కూల్లో నీకు కామర్స్ ఇచ్చారు, నాకు ఇవ్వలేదు" అని కావేరి ఉక్రోషంగా అంటే, నేహా కళ్లింత చేసుకుని, "ఇవ్వకపోవడమేంటి? వదిలేసింది నువ్వే కదా!" అంది. మనం అక్కడ ఆగాం.

నేహాది హిందీ. ఆ మాటలు మనం తెలుగులోనే చెప్పుకుందాం.

"ఏం మాట్లాడుతున్నావ్ యార్?" అంది కావేరి. "నాకు మార్కులు చాలవన్నారు. నాన్న ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్లి బతిమాలినా ఇవ్వలేదు."

"బతిమాలారా? మా మమ్మీ అక్కడే ఉంది కావేరీ. అకౌంట్స్ చెప్పేది మమ్మీయే కదా, ఆ ఏడాది లిస్టు రాసింది కూడా తనే. ఫస్ట్ లిస్టులో రెండో పేరు నీది. అంకుల్ వచ్చి, అమ్మాయి ఆంధ్రా వెళ్తోంది, సీటు ఇంకెవరికైనా ఇచ్చుకోండి అన్నారట. మమ్మీ ఊరుకోక, అదేంటి, కావేరికి కామర్స్ అంటే ప్రాణం కదా అంది కూడా. ఇది మా అమ్మాయి సొంత నిర్ణయం అని చెప్పారట అంకుల్."

కావేరి నేహా మొహంలోకే చూస్తోంది.

"నాకు ఒక్క మాట కూడా చెప్పకుండా వెళ్లిపోయావని ఎంత ఏడ్చానో తెలుసా? అందుకే ఇన్నాళ్లూ ఫోన్ చెయ్యలేదు" అంది నేహా. అని, తను చెప్పింది ఎంత పెద్ద సంగతో అప్పుడు అర్థమై, "నీకు... నీకు తెలీదా?" అని గొణిగింది.

తెలీదు. రెండేళ్లుగా తెలీదు.

మెట్రోలో కూర్చోడానికి చోటు దొరికినా కావేరి తలుపు పక్కనే నిలబడింది. ద్వారక నుంచి మయూర్ విహార్ అంటే ఢిల్లీ ఈ చివర నుంచి ఆ చివరికి, ఆలోచించుకోడానికి కావలసినంత దూరం. రెండేళ్ల కిందటి మే నెల గుర్తొచ్చింది. నాన్న స్కూలు నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ, "లాభం లేదమ్మా, రాలేదు" అన్నాడు. తలుపేసుకుని ఏడ్చింది. లెక్కల్లో తొంభై పైన వచ్చిన పిల్లకి కామర్స్ ఎందుకివ్వరని అప్పుడు అడగాలనిపించలేదు. నాన్న చెప్పాడు, అంతే. నాన్నలు అలాంటివాటిలో అబద్ధం చెప్తారని ఎవరనుకుంటారు?

కామర్స్ పిచ్చి ఆ పిల్లకి ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, వాళ్లమ్మ వంటింట్లోంచే. కమలాకుమారి కందిపొడీ, గోంగూర పచ్చడీ చేస్తే, తొమ్మిదో తరగతిలో ఉండగానే కావేరి వాటిని కటవారియా సరాయ్‌లో సివిల్స్‌కి చదివే మన తెలుగు కుర్రాళ్ల గదులకి అమ్మే ఏర్పాటు చేసింది. వాట్సాప్‌లో ఆర్డర్లు, ఆదివారం పంపకం. ప్రిలిమ్స్ ముందు కొనేది తక్కువ, ప్రిలిమ్స్ అయ్యాక ఎగబడతారని కూడా కనిపెట్టింది. ఇదంతా చదువులో ఒక సబ్జెక్టని తెలిసిన రోజు ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఆ మొహం చూసిన తండ్రే వెళ్లి సీటు వదిలేసి వచ్చాడు.

విజయవాడలో పొద్దున్నే లేపి, మళ్లీ పడుకునేదాకా ఫిజిక్సూ కెమిస్ట్రీ రుద్దారు. కావేరి వెనక సెక్షన్‌లో ఉండేది. అక్కడ సెక్షన్‌కి పెట్టే పేర్లే చెప్పేస్తాయి, ఎవరి మీద ఆశ ఉందో, ఎవరి ఫీజు మీద ఆశ ఉందో. ఐఐటీ రాలేదు, వస్తుందని కావేరి అనుకోనూ లేదు. కామర్స్‌కే పనికిరాని దాన్ని, దీనికేం పనికొస్తాను అనుకుంది.

ఇంటికి వచ్చేసరికి శ్రీరాములు బనీనుతో కూలర్ ముందు కూర్చుని ఉన్నాడు. కమలాకుమారీ, చిన్నది సాత్వికా బజారుకెళ్లారు. సాత్విక పదో తరగతి అయింది. వచ్చే వారం అదీ విజయవాడే, అక్క చదివిన కాలేజీకే. అయితే అక్కలా కాదు, ఎగిరి గంతేస్తూ వెళ్తోంది. దానికి ఫిజిక్స్ అంటే పిచ్చి. వాళ్లు పెట్టిన పరీక్షలో మొదటి సెక్షన్‌కి ఎంపికైంది.

"వచ్చావా అమ్మా? సీటు లేదని నువ్వు ఫోన్ చేసినప్పటి నుంచీ ఆలోచిస్తూనే ఉన్నా. కూర్చో, మంచినీళ్లు తాగు" అన్నాడు శ్రీరాములు.

కావేరి కూర్చోలేదు. "నేహా కనిపించింది నాన్నా."

"ఏ నేహా?"

"మన స్కూల్లో నేహా. వాళ్ల మమ్మీ అకౌంట్స్ టీచరు."

శ్రీరాములు చెయ్యి రిమోట్ మీదికి వెళ్లింది. టీవీ ఆపడానికో, పెంచడానికో ఆయనకే తెలిసినట్టు లేదు. ఇరవై ఏళ్లు ఫైళ్లు చూసిన మనిషి, ఏ ఫైలు ఎప్పుడు తిరిగి తన టేబుల్ మీదికొస్తుందో వాసన పట్టగలడు.

"నా పేరు ఫస్ట్ లిస్టులో ఉందట. నిజమేనా?"

"ఎప్పటి సంగతో ఇప్పుడెందుకమ్మా..."

"నిజమేనా నాన్నా?"

"ఉంది" అన్నాడాయన.

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని కావేరి అనుకోలేదు. అబద్ధం అని ఒక్క మాట అంటాడనీ, నేహా వాళ్లమ్మే పొరబడి ఉంటుందనీ, మెట్రోలో ఏ మూలో ఆశపడింది. ఆ ఆశ కూడా పోయేసరికి దీవాన్ అంచున కూలబడింది.

"ఎందుకు?"

"నీ మంచికే..."

"అది వద్దు. ఎందుకో చెప్పండి."

శ్రీరాములు కూలర్ వంక తిరిగాడు. "మా ఆఫీసులో తెలుగువాళ్లం ఆరుగురం కలిసి భోంచేస్తాం, నీకు తెలుసుగా. అందరి పిల్లలూ పది కాగానే విజయవాడే. ఇక్కడ మనవాళ్లంతా చేసేది అదే కదా. వాళ్లలో జనార్దనరావు కొడుకు అట్లా వెళ్లే ఐఐటీ తెచ్చుకున్నాడు. ఆయన రోజూ అడిగేవాడు, మీ పెద్దదాన్ని ఎక్కడ వేస్తున్నావోయ్ శ్రీరాములూ అని. లెక్కల్లో తొంభై పైన తెచ్చుకున్న పిల్లని కామర్స్‌లో వేస్తున్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదమ్మా. చెప్తే ఏమనుకుంటారు? పిల్లకి చదువు అబ్బలేదనుకుంటారు. లేకపోతే డబ్బుకి వెనకాడాడు అనుకుంటారు."

"అచ్ఛా. మీ లంచ్ టేబుల్ కోసం."

"అట్లా అనకు."

"మరెట్లా అనమంటారు? విజయవాడ వెళ్లాల్సిందే అని తిట్టి పంపించి ఉండొచ్చుగా. అబద్ధమెందుకు?"

"నువ్వు మొండిదానివి. వెళ్లమంటే వెళ్లేదానివా? అన్నం మానేసి కూర్చునేదానివి. సీటే రాలేదంటే గొడవుండదు, నీ మనసూ కష్టపడదు అనుకున్నా."

"కష్టపడలేదా!" కావేరి నవ్వింది. ఆ నవ్వు వినడం కంటే ఆ పిల్ల ఏడిస్తేనే నయమనిపించేలా ఉంది. "నాన్నా, రెండేళ్లు నేను మొద్దునని నమ్మాను. కామర్స్ కూడా ఇవ్వలేదంటే నా బుర్ర ఇంతే అనుకున్నాను. హాస్టల్లో పేపర్ ఇచ్చిన ప్రతిసారీ, నాకెలాగూ రాదులే అనుకుని కూర్చునేదాన్ని. తప్పినప్పుడు మీరు ఫోన్ చేసి ఏమన్నారో గుర్తుందా? కామర్స్‌కే మార్కులు చాలని దానివి, ఇక్కడన్నా కష్టపడమ్మా అన్నారు. మీరే అన్నారు! మీరు చెప్పిన అబద్ధాన్ని మీరే నమ్మేశారా?"

శ్రీరాములు తల వంచుకున్నాడు. గుర్తుంది. ఆ మాట అంటున్నప్పుడు తనకి ఏ మాత్రం ఇబ్బంది కలగలేదన్నదీ గుర్తుంది. ఇంట్లో ఒక అబద్ధం ఆర్నెల్లుంటే అందరికీ అలవాటైపోతుంది, చెప్పినవాడికి ముందు అలవాటవుతుంది.

"అమ్మకి తెలుసా?"

"తెలుసు."

కావేరి కళ్లు మూసుకుంది.

సీటు కోసం ఈ మూడు వారాలూ తిరిగిన తిరుగుడు తలుచుకుంటే ఆ పిల్లకి కడుపు మండింది. ఢిల్లీ కాలేజీల్లో సీటొస్తే ఫీజు తండ్రి జీతానికి అందేది. అది దొరకదేమోనన్న భయంతో ఘజియాబాద్, ఫరీదాబాద్, గ్రేటర్ నోయిడా ఒక్కత్తే తిరిగి వచ్చింది. ఎక్కడ చూసినా ఒకటే వరస. బయట అద్దాల మేడ, గేటు దగ్గర నీళ్లు రాని ఫౌంటెను, లోపల సూటు వేసుకున్న కౌన్సెలర్ మేడమ్. ఫీజు ఎంతని అడిగితే ప్లేస్‌మెంట్ గురించి చెప్తుంది. ప్లేస్‌మెంట్ గురించి అడిగితే స్విమ్మింగ్ పూల్ చూపిస్తుంది. ఒక కాలేజీలో అయితే బీబీఏ, ఫార్మసీ, జర్నలిజం అన్నీ ఒకే అంతస్తులో ఉన్నాయి. క్లాసులు ఎక్కడ జరుగుతాయని అడిగితే, అడ్మిషన్ అయ్యాక చెప్తామన్నారు. ఒకసారి నంబరు ఇచ్చిన పాపానికి వాళ్ల ఫోన్లు రోజంతా మోగుతూనే ఉంటాయి. ఇంత వెతుకులాటా ఎందుకు? పదకొండో తరగతికి ఇంటి పక్క బడికి వెళ్లి ఉంటే, ఇవాళ నేహాతో పాటు ఆ హాల్లోంచి నవ్వుకుంటూ బయటికి వచ్చేది.

"దూరవిద్యలో చేరతాను. ఫీజు తక్కువ. చదువు నేను చూసుకుంటాను. మీరింక నా గురించి ఎవరితోనూ ఏమీ మాట్లాడకండి" అంది.

"వద్దు" అన్నాడు శ్రీరాములు చప్పున తలెత్తి. "ఇంట్లో కూర్చుని డిగ్రీ చదవాల్సిన ఖర్మ నీకెందుకు? నేను చేసిన తప్పు నేనే దిద్దుతా. గ్రేటర్ నోయిడాలో నువ్వు చూసొచ్చావే, పరవాలేదన్నావే, ఒక్కటే కాస్త కాలేజీలా ఉందని... అందులో మాట్లాడేశా. మధ్యాహ్నం నీ ఫోన్ పెట్టెయ్యగానే మాట్లాడా. రేపు పన్నెండింటిలోపు మొదటి ఏడాది ఫీజు కడితే సీటు నీదే."

ఆ కాలేజీ నిజంగానే పరవాలేదు. లైబ్రరీలో పిల్లలు కూర్చుని చదువుకుంటుంటే చూసింది. మార్కెటింగ్ చెప్పే ఒక మేడమ్ కారిడార్‌లో ఆగి, కటవారియా సరాయ్ కందిపొడి కథ అంతా ఓపిగ్గా విని, "నీలాంటివాళ్లు క్లాసులో ఉండాలి" అంది. ఫీజు విన్నాకే వెనక్కి తిరిగి వచ్చింది.

"అంత డబ్బు మన దగ్గరెక్కడిది?"

"ఉందిలే."

"పీఎఫ్ లోను నానమ్మ ఆపరేషన్‌కి తీసేశారు. ఎక్కడిది నాన్నా?"

శ్రీరాములు గొంతు సవరించుకున్నాడు. "సాత్విక విజయవాడ చదువుకని పక్కన పెట్టిన డబ్బే. అది నీకు వాడదాం. వాళ్లకి ఇందాకే ఫోన్ చేసి, మా అమ్మాయి రావట్లేదు, సీటు ఇంకెవరికైనా ఇచ్చుకోండి అని చెప్పేశా."

ఆ మాటలు కావేరి ఆ మధ్యాహ్నమే విని ఉంది. అక్షరం మారలేదు. నేహా చెప్పింది రెండేళ్ల కిందటి సంగతి, నాన్న చెప్తున్నది ఇవాళ్టిది.

"సాత్వికకి చెప్పారా?"

"ఇంకా లేదు."

"అమ్మకి?"

"వచ్చాక చెప్తాలే. సాత్విక ఇక్కడే చదువుతుంది. మళ్లీ ఆ ఢిల్లీ కోటా గొడవ దానికీ రాకూడదు కదా. ఒక దెబ్బ తిన్నాక కూడా బుద్ధి రాకపోతే ఎట్లా?"

"దానికి అక్కడికి వెళ్లాలని ఉంది నాన్నా. నాలా కాదు. దానికి నిజంగా ఉంది."

"ఉంటుంది. చిన్నపిల్ల. ఇక్కడ మాత్రం ఫిజిక్స్ చెప్పరా ఏంటి?"

"దానికేమని చెప్తారు?"

శ్రీరాములు లేచి చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకుంటూ, ఎంతో మామూలుగా, కూరగాయల ధర చెప్పినట్టు చెప్పాడు. "సీటు రాలేదని చెప్దాం. మొదటి సెక్షన్ నిండిపోయిందట, ఫోన్ చేసి చెప్పారు అంటే సరిపోతుంది. రెండ్రోజులు ఏడుస్తుంది. తర్వాత సర్దుకుంటుంది."

కావేరి ఆయన వంక చూస్తూ ఉండిపోయింది. ఈ మనిషి చెడ్డవాడు కాదు. అదే ఆ పిల్లకి మింగుడు పడనిది. తాగడు, తిట్టడు, లంచం ముట్టడు. పిల్లలకి జ్వరమొస్తే రాత్రంతా మేలుకుంటాడు. పిల్లల్ని అడగాలన్న ఒక్క సంగతి మాత్రం ఆయన బుర్రకి తట్టదు. రెండేళ్ల కిందట కావేరికి చేసింది ప్రేమే అనుకున్నాడు, ఇవాళ సాత్వికకి చేసేదీ ప్రేమే అనుకుంటున్నాడు. మధ్యలో పశ్చాత్తాపపడ్డాడు కూడా. ఆ పశ్చాత్తాపంతోనే మళ్లీ అదే పని చేశాడు.

వద్దనాలి. ఇప్పుడే అనాలి. విజయవాడకి మళ్లీ ఫోన్ చేయించాలి. ఇంకా ఆలస్యమేమీ కాలేదు. కావేరి నోటిదాకా వచ్చింది ఆ మాట.

కానీ దాంతో పాటే ఇంకోటీ వచ్చింది. నాకు జరిగినప్పుడు నా తరఫున ఎవరు మాట్లాడారు? అమ్మ తెలిసీ నోరు మెదపలేదు. నా పెట్టె సర్దుతూ, ఇస్త్రీ చేసిన చుడీదార్లు మడత పెడుతూ, నా మొహంలోకి చూడకుండా పచ్చడి సీసాలు ఇచ్చింది. ఇప్పుడు ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఏదో ఒకటి నా దాకా వస్తుంటే నేనే వద్దనాలా? అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ ఆలోచన పోలేదు.

మెట్ల మీద చప్పుడైంది. సాత్విక నవ్వు ముందు వినిపించింది. తర్వాత రేకు పెట్టె గోడకి కొట్టుకున్న మోత, "నెమ్మదిగానే, రంగు పోతుంది" అని కమలాకుమారి కేక.

తలుపు తోసుకుని సాత్విక వచ్చేసింది. చెమటతో జుట్టు నుదుటికి అంటుకుపోయింది. చేతిలో ఆకుపచ్చ ట్రంకు పెట్టె, దాని మీద కొత్త బకెట్టు, మగ్గు. "అక్కా, చూడు! కొట్లో భయ్యా తాళం కూడా ఫ్రీ ఇచ్చాడు. హాస్టల్లో నీ తాళంచెవి పోయిందన్నావుగా, అందుకే రెండు తాళంచెవులున్నది అడిగి మరీ తీసుకున్నా." బకెట్టు కింద పెట్టి, అక్క మొహంలోకి చూసింది. గొంతు తగ్గించింది. "నీ సీటు సంగతి ఏమైంది అక్కా? పొద్దుట్నుంచీ దణ్ణాలు పెట్టుకుంటున్నా."

శ్రీరాములు కావేరి వంక చూశాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతున్న కమలాకుమారి భర్త మొహమూ కూతురి మొహమూ చూసి, ఒక చెప్పు కాలికుండగానే ఆగిపోయింది.

"వచ్చింది" అంది కావేరి.

సాత్విక ఒక్క అరుపు అరిచి అక్కని వాటేసుకుంది. "నాకు తెలుసు! నాకు తెలుసు! అమ్మా విన్నావా, అక్కకి వచ్చిందట!" ఆ పిల్ల ఒళ్లంతా ఎండ వేడి. కావేరి చేతులు రెండూ కిందికే వేలాడుతున్నాయి.

"సాత్వికా, ఇలా వచ్చి కూర్చోమ్మా" అన్నాడు శ్రీరాములు మెల్లగా. "విజయవాడ నుంచి ఫోనొచ్చింది."

సాత్విక అక్కని వదిలి, ఇంకా నవ్వుతూనే, ట్రంకు పెట్టె మీద కూర్చుంది. "ఏమన్నారు నాన్నా?"

కావేరి, చెల్లికి మంచినీళ్లు తెస్తానని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది.